ముందు తొక్కుడు, తరువాత గేర్లు



యాప్రాల్ లోనో, సైనిక్‌పురిలోనో, బొల్లారంలోనో కాపురముండేవారికి ఈ దృశ్యం కొత్తది కాదు. తెల్లవారుజామున పాల ప్యాకెట్టు కోసం గేటు తీసేసరికి వీధిలో చప్పుడు లేకుండా నాలుగు సైకిళ్ళు సాగిపోతూ వుంటాయి. నెత్తిన హెల్మెట్లు, వెనక మిణుకుమిణుకుమనే ఎర్రదీపాలు. వీళ్ళు బొల్లారం మీదుగా హకీంపేట దాటి, శామీర్‌పేట చెరువుగట్టు చూసుకుని, ఎండ ముదరకముందే ఇల్లు చేరుకుంటారు. ఒక్కోసారి ఆ నలుగురిలో ఒక ఆడమనిషి కూడా వుంటుంది. ఆవిడ మనకంటే చిన్నదేమీ కాదు. నలభై దాటే వుంటుంది.

ఆవిణ్ణి చూసి మనలో చాలామందికి ముచ్చటేస్తుంది. ముచ్చట తీరకముందే ఒక సందేహం పుడుతుంది: "ఇది చెయ్యాలంటే ఎన్ని గేర్ల సైకిలు కొనాలో? ఎన్ని వేలవుతుందో?" ఆ లెక్క వేసుకునేసరికి ముచ్చట కాస్తా వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఇంకొందరు దీనికి సరిగ్గా ఎదురు. మొదటి వారమే ఖరీదైన సైకిలు, చేతితొడుగులు, నల్లకళ్ళద్దాలు అన్నీ కొనేస్తారు. రెండో నెలకల్లా ఆ సైకిలు మీద తువ్వాళ్ళు ఆరుతూ వుంటాయి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు.

ఏది ముందు, ఏది తరువాత? ఈ ప్రశ్నకు దుకాణదారు చెప్పే జవాబు ఒకటి. చరిత్ర చెప్పే జవాబు ఇంకొకటి. సైకిలు కూడా ఒక్కరోజులో తయారైన వస్తువు కాదు. దానికి పెడలు ఒక కాలంలో వచ్చింది, చైను ఒక కాలంలో, గాలి టైరు మరో కాలంలో, అన్నిటికన్నా చివర గేర్లు. కొత్తగా నేర్చుకునే మనిషికి కూడా దాదాపు అదే వరస సరిపోతుంది. అందుకని ఆ కథ కాస్త వివరంగా చెప్తాను.

మొట్టమొదటి సైకిలుకు పెడళ్ళే లేవంటే నమ్ముతారా? 1817 జూన్ 12వ తేదీన జర్మనీలోని మాన్‌హైమ్ పట్నంలో కార్ల్ ఫన్ డ్రైస్ అనే ఆయన రెండు కొయ్యచక్రాలు ఒకదాని వెనక ఒకటి బిగించిన బండి మీద కూర్చుని, కాళ్ళతో నేలను తన్నుకుంటూ ఊరు దాటి వెళ్ళి వచ్చాడు. ముందు చక్రం తిప్పుకోవడానికి ఒక పిడి, కూర్చోవడానికి ఒక మెత్త. అంతే. కానీ అసలు విద్య అక్కడే వుంది. రెండు చక్రాల మీద మనిషి పడిపోకుండా నిలవగలడని ఆనాడే రుజువైంది.

ఇప్పటి పిల్లలకు పెడళ్ళు లేని చిన్న సైకిళ్ళు కొనిపెడుతున్నారు చూడండి, అది ఈ డ్రైస్ గారి పద్ధతే. పెద్దవాళ్ళం మనకూ అదే మంచి ఉపాయం. పాత సైకిలు ఒకటి తీసుకుని, పెడళ్ళు విప్పించి, సీటు బాగా దించి, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేటట్టు కూర్చుని, కాలనీలో ఏటవాలు లేని చోట కాళ్ళతో తన్నుకుంటూ పోవాలి. ఒకరు సీటు పట్టుకుని వెనక పరుగెత్తనక్కరలేదు. పట్టుకున్నవాళ్ళు ఎప్పుడు వదిలేశారో అని గుండెలు బాదుకోనక్కరలేదు. కాళ్ళు నేల నుంచి లేచి నాలుగు గజాలు తేలిపోయిన రోజున పెడళ్ళు మళ్ళీ బిగించుకోవచ్చు.

పెడళ్ళు 1860లలో పారిస్ నగరంలో వచ్చాయి. మిషో అనే వారి కర్మాగారంలో వాటిని ముందు చక్రానికే నేరుగా తగిలించారు. కొయ్యచక్రాలకు ఇనుప పట్టీలు, దారికి రాళ్ళు. ఇంగ్లండులో దాన్ని "ఎముకలు కదిపే బండి" అన్నారంటే తొక్కినవాళ్ళ అవస్థ ఊహించుకోండి.

తరువాత వచ్చింది పెద్దచక్రం సైకిలు. బొమ్మల్లో చూసే వుంటారు. ముందు మనిషెత్తు చక్రం, వెనక బుల్లి చక్రం. అది వేళాకోళానికి చేసింది కాదు. పెడలు చక్రానికే వుంది కాబట్టి, పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక చుట్టే తిరుగుతుంది. చక్రం ఎంత పెద్దదైతే ఆ ఒక్క చుట్టుకు అంత దూరం పోతాం. అంటే ఆ రోజుల్లో గేరు అంటే చక్రం ఎత్తే అన్నమాట. కాళ్ళు పొడుగున్నవాడిదే రాజ్యం. జారితే తల ముందు, కాళ్ళు వెనక. పొడుగాటి గౌన్లు వేసుకునే ఆడవాళ్ళకు దాని మీదికి ఎక్కడమే అసాధ్యం. వాళ్ళకు మూడు చక్రాల బండ్లు ఇచ్చి ఊరుకున్నారు.

ఆడవాళ్ళకు దారి తీసింది చైను. 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిలులో రెండు చక్రాలూ సుమారు సమానం. పెడళ్ళు మధ్యలోకి వచ్చాయి. చైను వెనక చక్రాన్ని తిప్పింది. సీటు మీద కూర్చుంటే పాదం నేలకు అందే ఎత్తు. అందుకే దాన్ని క్షేమమైన సైకిలు అన్నారు. రెండు మూడేళ్ళకు, బెల్‌ఫాస్టులో పశువైద్యుడైన డన్‌లప్ గారు తన కొడుకు మూడుచక్రాల బండి గడగడలాడకుండా పోవాలని రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రాలకు చుట్టాడు. బిడ్డ కోసం తండ్రి చేసిన ఆ పని ప్రపంచంలోని దారులన్నిటినీ మెత్తన చేసింది.

చైనూ గాలీ వచ్చిన తరువాత 1890లలో యూరపు, అమెరికాల్లో సైకిలు వెర్రి ఎత్తింది. ఆడవాళ్ళూ ఎక్కారు. ఎక్కగానే గొడవ మొదలైంది. సైకిలు తొక్కే స్త్రీకి ముఖం బిగుసుకుపోయి ఒక విధమైన జబ్బు చేస్తుందని కొందరు డాక్టర్లే రాశారు. ఆ జబ్బుకు "సైకిలు ముఖం" అని పేరు కూడా పెట్టారు! భయంతో పళ్ళు బిగించుకున్న ముఖం కాబోలు. వారం రోజులు అలవాటైతే పోయే జబ్బు.

ఆ రోజుల్లోనే ఇద్దరు స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. వాళ్ళ కథలు మనకు పనికొస్తాయి.

మొదటావిడ ఫ్రాన్సెస్ విల్లర్డ్. అమెరికాలో మద్యపాన నిషేధానికీ, స్త్రీల ఓటు హక్కుకూ పాటుపడిన పెద్ద నాయకురాలు. సైకిలు నేర్చుకునేనాటికి ఆవిడ వయసు 53 ఏళ్ళు. ఆరోగ్యం అంతంతమాత్రం. ఆవిడ 1895లో తాను సైకిలు నేర్చుకున్న విధానం మీద ఒక చిన్న పుస్తకం వేసింది. రోజుకు సగటున పావుగంట చొప్పున సుమారు మూడు నెలలు సాధన చేసిందట. ముందు తొక్కడం, తరువాత మలుపు తిప్పడం, ఆ తరువాత దిగడం, అన్నిటికన్నా చివర ఎక్కడం. ఎక్కడం చివర నేర్చుకోవడమేమిటని నవ్వకండి. దిగడం రానిదే ఎక్కినవాడికి పడిపోవడం ఒక్కటే గతి! ఆవిడ తన సైకిలుకు గ్లాడిస్ అని పేరు పెట్టుకుని ముద్దుగా పిలుచుకునేది. అందులో మనం గమనించవలసింది ఆ పావుగంట. పిల్లలు బడికి వెళ్ళాక మనకు గంట దొరక్కపోవచ్చు. పావుగంట దొరకదా?

రెండో ఆవిడ కథ ఇంకా చిత్రమైంది. పేరు ఆనీ కాప్చోవ్‌స్కీ. లాట్వియా నుంచి చిన్నప్పుడే అమెరికాకు వలస వచ్చిన యూదుల పిల్ల. భర్త వీధివీధీ తిరిగి సరుకులమ్మేవాడు. ముగ్గురు పసిబిడ్డలు. అలాంటి ఇల్లాలు 1894 జూన్ నెలలో బోస్టన్ నగరం నుంచి సైకిలు మీద ప్రపంచం చుట్టివస్తానని బయలుదేరింది. సైకిలు తొక్కడం బాగా వచ్చా అంటే అదీ లేదు. బయలుదేరే ముందు రెండు మూడుసార్లు ఎక్కి చూసిందంతే. దారిఖర్చుకు ఒక మంచినీళ్ళ కంపెనీ నూరు డాలర్లిచ్చి, వాళ్ళ పేరు పెట్టుకోమంది. అప్పటినుంచి ఆవిడ ఆనీ లండన్‌డెరీ అయింది.

బయలుదేరినప్పుడు ఆవిడ ఒంటిమీద పొడుగాటి గౌను. సైకిలు 42 పౌన్లు, అంటే సుమారు 19 కిలోలు. మన నల్ల సైకిలంత బరువన్నమాట. షికాగో చేరేసరికి దాదాపు మూడు నెలలు పట్టింది. చలికాలం ముంచుకొస్తోంది. ఇలా అయితే సాగదనిపించింది. ఇక్కడ మరొకరైతే ఇంటికి తిరిగి వెళ్ళిపోయేవారు. ఆవిడ సైకిలు మార్చింది. 21 పౌన్ల మగవారి సైకిలు తీసుకుంది. బరువు సగానికి సగం తగ్గిపోయింది. గౌను తీసేసి వదులు లాగు తొడుక్కుంది. తరువాత ఫ్రాన్సు, ఈజిప్టు, కొలంబో, సింగపూరు, చైనా, జపాన్. సముద్రాలున్న చోటల్లా ఓడల్లోనే వెళ్ళిందనుకోండి. 1895 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగి, ఆ సెప్టెంబరుకు మళ్ళీ షికాగో చేరింది. మన దేశంలో పులుల్ని వేటాడానని కూడా ఊళ్ళవాళ్ళకు కథలు చెప్పింది. అది మాత్రం నమ్మనక్కరలేదు.

పులుల సంగతి వదిలేద్దాం. ఆవిడ సైకిలు మార్చిన పద్ధతి చూడండి. బోస్టన్ లో కూర్చుని ఏది మంచిదని ఆరునెలలు ఆలోచించలేదు. ఉన్నదానితో బయలుదేరింది. ఎక్కడ నొప్పి వుందో, ఏది బరువో ఒళ్ళు చెప్పిన తరువాత మార్చింది. ఆ మార్చిన సైకిలుకు కూడా గేర్లు లేవు.

గేర్లు ఆ తరువాత వచ్చాయి. గేరు అంటే ఏమిటో మన ఇంటి భాషలో చెప్పుకుందాం. బావిలోంచి నీళ్ళు తోడాలి. పెద్ద బొక్కెనతో అయితే నాలుగు చేదలకు పని అయిపోతుంది గానీ చేతులు లాగేస్తాయి. చిన్న చెంబుతో అయితే తేలిక గానీ నలభైసార్లు చేదాలి. నీళ్ళు అవే, శ్రమను పంచుకోవడంలో తేడా. సైకిలులో ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనక దానికి 18 వున్నాయనుకోండి. పెడలు ఒక చుట్టు తిప్పితే పెద్ద సైకిలు సుమారు 17 అడుగులు పోతుంది. చదునైన దారిలో అది బాగుంటుంది. ముందూ వెనకా పళ్ళు సమానంగా వుంటే అదే చుట్టుకు సుమారు 7 అడుగులే పోతాం. కానీ ఎత్తు ఎక్కుతున్నప్పుడు మోకాలికి ప్రాణం లేచివస్తుంది. బొక్కెన, చెంబు రెండూ దగ్గర పెట్టుకుని, అవసరాన్నిబట్టి మార్చుకోవడమే గేరు.

1902లో ఇంగ్లండులో స్టర్మీ ఆర్చర్ వారి మూడు గేర్ల హబ్బు తయారైంది. అదే ఏడాది ఫ్రాన్సులో కొండదారిలో ఒక పరీక్ష పెట్టారు. గేర్లు లేని సైకిలు మీద ఆనాటి ఛాంపియన్, గేర్లున్న సైకిలు మీద మార్త్ హెస్ అనే స్త్రీ. ఆవిడ ఆ దారంతా కాలు కింద పెట్టకుండా ఎక్కేసింది. అయినా మగవారి పంతం తగ్గలేదు. టూర్ డి ఫ్రాన్స్ పందెం పెట్టిన దెగ్రాంజ్ గారు, గేర్లు నలభై అయిదేళ్ళు దాటినవారికి తప్ప ఎందుకని రాశాడు. ఆ పందెంలో చైను మార్చే గేర్లను 1937 దాకా ఒప్పుకోలేదు. దెగ్రాంజ్ గారు ఎత్తిపొడుపుగా అన్నమాటను మనం సంతోషంగా ఒప్పుకోవచ్చు. నలభై అయిదు దాటిన మోకాళ్ళే కదా మనవి!

ఆ గేర్లు మార్చడం కూడా చాలాకాలం విద్యగానే వుండేది. మీట ఎంత జరపాలో చెవితో విని పట్టుకోవాలి. 1984లో జపాన్ దేశపు షిమనో కంపెనీ "టిక్" మని ఒక్కొక్క మెట్టూ జరిగే మీటను తెచ్చాక, కొత్తవాళ్ళకు కూడా అది రేడియో బటను తిప్పినంత సులువైంది.

ఇక మన దేశం సంగతి. స్వాతంత్ర్యానికి ముందు మనకు ఎక్కువగా సీమ సైకిళ్ళే. తరువాత మద్రాసు దగ్గర అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనేపట్ లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో వచ్చాయి. అట్లాస్ వారి చివరి ఫ్యాక్టరీ 2020లో మూతపడింది. ఆ నల్ల సైకిళ్ళు పాలక్యాన్లు మోశాయి, ఉత్తరాలు మోశాయి, బియ్యం బస్తాలు మోశాయి. గేర్లు మాత్రం వుండేవి కావు. అద్దె సైకిలు దుకాణంలో గంటల లెక్కన తెచ్చుకుని, సీటు అందక అడ్డకడ్డీ కిందనుంచి కాలు దూర్చి "కైంచీ" తొక్కుతూ నేర్చుకున్న అన్నదమ్ములు మన ఇళ్ళల్లో ఎందరో. వాళ్ళు తొక్కుతుంటే అరుగు మీద నిలబడి చూసిన అక్కచెల్లెళ్ళు కూడా అందరే.

ఇంకో మాట చెప్పుకోవాలి. ఒకప్పుడు పెళ్ళిలో అల్లుడికి వాచీ, రేడియో, సైకిలు ఇవ్వడం ఆనవాయితీ. డబ్బు పెట్టింది ఆడపిల్ల తండ్రి. తొక్కింది అల్లుడు. ఆ పిల్ల వెనక క్యారియరు మీద ఒక పక్కకు కూర్చుని, చీరకొంగు చక్రంలో పడకుండా పట్టుకుంది. ఏ ఊరికి ఎప్పుడు వెళ్ళాలో ముందున్నవాడి ఇష్టం. సైకిలులో గేర్ల కన్నా పెద్ద ప్రశ్న అదే. ముందు సీటు ఎవరిది?

ఈ ప్రశ్నకు మన దేశంలోనే ఒక గొప్ప జవాబు దొరికింది. 1991 ప్రాంతంలో తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగుతున్నప్పుడు, కలెక్టరు షీలారాణి చుంకత్ గారు చదువుతోపాటు సైకిలు తొక్కడం కూడా ఆడవాళ్ళకు నేర్పించాలన్నారు. సైకిలు కొనుక్కోవడానికి బ్యాంకుల నుంచి అప్పులిప్పించారు. కూలి పనులకు వెళ్ళేవారు, రాతి క్వారీల్లో పనిచేసేవారు వేలమంది నేర్చుకున్నారు. మన తెలుగువాడైన పత్రికారచయిత పాలగుమ్మి సాయినాథ్ గారు అక్కడికి వెళ్ళి రాసిన విషయం ఒకటి నాకు భలే నచ్చింది. లేడీస్ సైకిళ్ళకు కొరత వచ్చి జెంట్స్ సైకిళ్ళు కొన్నవాళ్ళలో చాలామంది, అదే మంచిదన్నారట. ఎందుకంటే దానికి అడ్డకడ్డీ వుంటుంది, దాని మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు! పల్లెటూరి తల్లి తన అవసరాన్నిబట్టి సైకిలు ఎంచుకున్న తీరు అది. 2006లో బీహారులో తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిళ్ళకు డబ్బిచ్చాక, బడిలో చేరే పిల్లల సంఖ్య మూడోవంతుదాకా పెరిగిందని ఆర్థికశాస్త్రజ్ఞులు లెక్కతేల్చారు. ఆంధ్రప్రదేశ్ లోనూ "బడికొస్తా" అని ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చారు. ఈ సైకిళ్ళలో దేనికీ గేర్లు లేవు. బ్రతుకు మార్చడానికి గేర్లు అవసరం కాలేదు.

ఇప్పుడు మళ్ళీ మన యాప్రాల్ కు వద్దాం. మీరు ఇవాళ మొదలుపెడితే వరస ఎలా వుంటే బాగుంటుంది?

మొదటి నెల ఏమీ కొనకండి. పిల్లలు వదిలేసిన సైకిలు వుంటే చాలు. రిపేరు దుకాణానికి తీసుకువెళ్ళి బ్రేకులు బిగించి, చైనుకు నూనె వేసి, గాలి కొట్టించండి. చప్పిడి టైరుతో తొక్కి "నా వల్ల కాదు" అనుకునేవారు చాలామంది. గాలి సరిగ్గా వుంటే సైకిలు సగం బరువు తగ్గినట్టు వుంటుంది. కాలనీ లోపల పావుగంట, విల్లర్డ్ గారి వరసలో. బ్యాలెన్సు వచ్చిన తరువాత సీటు కొంచెం కొంచెంగా ఎత్తాలి. మడమ పెడలు మీద పెట్టి కిందికి చాస్తే కాలు నిటారుగా రావాలి. సీటు మరీ కిందికి వుండడం వల్లనే చాలామందికి మోకాళ్ళ నొప్పులు.

వీధిలోకి వెళ్ళే రోజున మొదటి ఖర్చు హెల్మెట్టు, రెండోది ముందూ వెనకా దీపాలు, మూడోది బెల్లు. వీటిలో పొదుపు వద్దు. నీళ్ళ ట్యాంకర్లు, లారీలు తిరిగే దారి మనది. బట్టల సంగతంటారా, సల్వారు కాళ్ళ దగ్గర ఒక క్లిప్పు పెట్టుకుంటే చైనులో పడదు. లాగూ పైజామాలు పరాయివని సంకోచపడేవారికి ఒక్కమాట: పొలాల్లో నాట్లు వేసే మన ఆడవాళ్ళు తరతరాలుగా గోచీ పోసి చీర కట్టారు. పనికి తగ్గ కట్టు మనకు కొత్తేమీ కాదు.

రెండు మూడు నెలలకు సైనిక్‌పురి, అమ్ముగూడ, బొల్లారం దాకా వెళ్ళివస్తారు. అప్పుడు తెలుస్తుంది, మన దారులు చదునుగా వుండవని. ఇది దక్కను రాతినేల. ఒక ఎత్తు దిగామనుకునేలోగా ఇంకొకటి ఎదురొస్తుంది. ఎక్కడ దిగి నడిపించవలసి వచ్చిందో గుర్తుపెట్టుకోండి. వారానికోసారి అదే ఎత్తు దగ్గర చూసుకోండి. నాలుగు వారాలైనా ఎక్కలేకపోతే అప్పుడు గేర్ల సైకిలు గురించి ఆలోచించవచ్చు. అదీ ఇరవయ్యొక్క గేర్లా, ఇరవైనాలుగా అని లెక్కపెట్టడం కాదు. వెనక అన్నిటికన్నా పెద్ద పళ్ళచక్రానికి ఎన్ని పళ్ళున్నాయో అడగండి. అది ఎంత పెద్దదైతే ఎత్తు అంత తేలిక. మన చెంబు అదే.

శామీర్‌పేట చెరువు దాకా పది పదిహేను కిలోమీటర్లు. రాజీవ్ రహదారి మీద బండ్లు జోరుగా పోతాయి కాబట్టి ఆదివారం తెల్లవారి, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళడం మేలు. మేడ్చల్ హైవే కూడా అంతే. ఔటర్ రింగు రోడ్డు మీదికి సైకిళ్ళను రానివ్వరు. 2023లో ప్రారంభించిన 23 కిలోమీటర్ల సౌర పైకప్పు సైకిలు దారి నానక్‌రాంగూడ, కొల్లూరు వైపున వుంది. అది మనకు దూరం.

తేలికపాటి ఖరీదైన సైకిలు అన్నిటికన్నా చివరి మెట్టు. అది కావాలో వద్దో అప్పటికి మీ ఒళ్ళే చెప్తుంది. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తిచేసే బ్రెవే యాత్రలు హైదరాబాదులోనూ జరుగుతాయి. అక్కడ పందెం లేదు. మొదట వచ్చినా చివర వచ్చినా ఒకటే, సమయంలోగా చేరితే చాలు. అందులో చేరాలనిపించేనాటికి మీరు కొనే ప్రతి వస్తువుకూ మీ దగ్గర ఒక కారణం వుంటుంది. ఇంట్లో "ఇంత డబ్బెందుకు?" అని అడిగితే చెప్పడానికి జవాబూ వుంటుంది.

సైకిలుకు గేర్లు రావడానికి డ్రైస్ గారి కొయ్యబండి నుంచి ఎనభై అయిదేళ్ళు పట్టింది. మనకు ఏడాది పడితే మాత్రం తొందరేముంది? అందాకా వెనక గదిలో దుమ్ముపట్టిన సైకిలును ఒకసారి బయటికి లాగి, గాలి వుందో లేదో నొక్కి చూడండి.